మిలిట్రీ మామ మరపడవ

డీజిలు వాసన తగిలితే ఇప్పటి పిల్లలు ముక్కు మూసుకుంటారు. ఆ రోజుల్లో మాకు అది గొప్పతనం వాసన. ఎడ్లతో కపిల తోలి నీళ్లు తోడుకునే ఊళ్లో ఎవరైనా రైతు బావి మీద ఆయిలింజను దించినాడంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సద్దిమూటలు కట్టుకుని చూడ్డానికి పొయ్యేవాళ్లు. అదే ఇంజను చెడిపోయిందని తెలిస్తే ఇంకా ఎక్కువమంది పొయ్యేవాళ్లు. (నడిచే ఇంజనును చూడ్డం కంటే నడవని ఇంజను చుట్టూ నిలబడి సలహా చెప్పడంలోనే మనిషికి ఆనందం ఎక్కువ. నా బతుకంతా ఆ నిలబడినవాళ్ల కాళ్ల మధ్యనే గడిచింది కాబట్టి గట్టిగా చెప్పగలను.) రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్త. నాకు మీసాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఇంజనంటే అంతా తెలుసనే నమ్మకం మాత్రం మీసాల కంటే ముందే వచ్చేసింది.

ఆ నమ్మకం ఇచ్చింది మా ఉస్తాదు. నంద్యాలలో రైలుగేటు అవతల ఆయనకొక రేకుల షెడ్డుండేది. ఎండాకాలం ఆ షెడ్డులో ఇంజను కంటే ముందు మనుషులు వేడెక్కేవాళ్లు. ఉస్తాదు పాఠం చెప్తే ఒక్కసారే చెప్తాడు. మళ్లీ అడిగితే స్పానరు నెత్తిన పడుతుంది. ఒకరోజు ఆయన మంచి హుషారులో ఉండి పొగ గురించి చెప్పడం మొదలుపెట్టినాడు. "సునో బేటా. తెల్లపొగ వస్తే డీజిల్లో నీళ్లుండాయి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతాంది. నల్లపొగ వస్తే రెండే కారణాలు. ఒకటి, డీజిలు ఎక్కువ పడతాంది. రెండోది..." అనంగానే ఎవరో ఇద్దరు రైతులు లోపలికొచ్చినారు. "పొయ్యి మూడు చాయ్ పట్టుకరా పో" అన్నాడు నాతో. నేను చాయ్ తెచ్చేలోపల పాఠం అయిపోయి బేరం మొదలైంది. రెండో కారణం ఏమిటో నేను అడగలేదు. స్పానరు ఆయన చేతిలోనే ఉంది మరి.

ఇక మా మామ. అమ్మకు సొంత తమ్ముడు. ఆళ్లగడ్డ అవతల, కాలవ గట్టున ఉన్న ఊరు. యుద్ధంలో బర్మా వైపు మిలిట్రీ లారీ తోలి, తిరిగొచ్చేటప్పుడు ఒక ఖాకీ కోటూ, ఒక ఈలా, కొన్ని ఇంగ్లీషు కేకలూ తెచ్చుకున్నాడు. ఎడ్లను నిలపాలంటే కూడా "హాల్ట్!" అనేవాడు. పాపం, ఎడ్లు కూడా నేర్చుకున్నాయి. ఊరంతా ఆయన్ను మిలిట్రీ మామ అనేది. అమ్మ మా చిన్నప్పుడే పోతే నన్నూ అక్కనూ పెంచింది ఆయనా మా అత్తానే. వాళ్లకు పిల్లల్లేరు. మేమే పిల్లలం.

మా కాలవ మీద వెనకటికి సరుకు పడవలు తిరిగేవంట. లాకులు పాడయినాక అన్నీ నిలిచిపోయినాయి. ఆ కాలం పడవొకటి, ఆ పడవ నడిపిన ముసలాయన ఒకాయన, ఇద్దరూ మా మామ ఊళ్లో మిగిలిపోయినారు. ఆయన్ను తెరచాప తాత అనేవాళ్లం. కాలవకు నీళ్లొచ్చినప్పుడల్లా పడవకు తారు పూసి, అతుకుల తెరచాప ఆరేసి, "గాలుంటే సాలు, నాకేం పని" అంటూ గట్టున కూర్చునేవాడు. ఆ యేడు వానలు బాగా పడి మామ బావి నిండింది. నీళ్లు చేతికందుతుంటే ఇంజనుతో పనేముంది? అప్పుడు మామకు ఆలోచన వచ్చింది. నన్ను నంద్యాల నుంచి పిలిపించి చెప్పినాడు: "అల్లుడా, నా ఇంజనుకు పనిలేదు. తాత పడవకూ పనిలేదు. పనిలేని రెండిట్ని కలిపితే ఒక పనైతాది. ఈ ఊరి నుంచి పై లాకు దాకా కాలవలో అడ్డం లేదు. ఆడ దిగితే రోడ్డే, నంద్యాలే. ఎన్ని మూటలైనా ఎయ్యొచ్చు."

తాత ఒప్పుకోలేదు. "నీటి మీద నిప్పు పెడతావా అప్పా?" అన్నాడు. మామ ఆయన్ను మూడు రోజులు బతిమాలి, నాలుగో రోజు కోటు తీసి ఆయన భుజాల మీద కప్పినాడు. చలికాలం. తాత ఒప్పుకున్నాడు.

ఇంజను దించి పడవ మధ్యలో బిగించినా. మామ ఎక్కడో పాత సామాన్లలో సంపాదించిన రెక్కల చక్రం వెనక నీళ్లలో తిరిగేటట్టు పెట్టినా. గట్టుకు కట్టేసి తిప్పితే ఇంజను పాట పాడినట్టు ఆడింది. మామ అటెన్షన్‌లో నిలబడి నాకు సెల్యూట్ కొట్టినాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వాన పడితే ఇంజను తడుస్తుందని, ఊరి వడ్లాయనతో టేకు చెక్కల పెట్టె చేయించినాడు. పైన బోర్లించే మూత. చీమ దూరే సందు లేదు. పొగగొట్టం బయటికి రావడానికి సరిగ్గా గొట్టమంత బొక్క. మూత మీద కడివెడు నీళ్లు పోసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, "సుక్క దిగలే!" అని ఊరందరికీ పొడి చెయ్యి చూపించినాడు. నేనూ మెచ్చుకున్నా. నిజంగానే గొప్ప పెట్టె అది.

సరుకు వేసుకుని మొదటి ప్రయాణం పోదామనుకుంటుండగా ముసురు పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. అక్క అప్పుడు నిండుమనిషి, మామ ఇంట్లోనే ఉంది. బావ సంజామల దగ్గర బళ్లో అయ్యవారు, సెలవు దొరక్క రాలేదు. అంతకు ముందు కాన్పులో అక్క బిడ్డ దక్కలేదు. నొప్పులొచ్చినాక బండి కట్టి, వంక దాటలేక, దారిలోనే అంతా అయిపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నంద్యాల ఆసుపత్రి డాక్టరమ్మ మాత్రం ఈసారి ముందుగానే తీసుకొచ్చి పెట్టమని గట్టిగా చెప్పి పంపింది. తీసుకుపోదామంటే దారేదీ? నల్లరేగడి. వాన పడితే బండి చక్రం ఇరుసు దాకా దిగుతుంది. వంక పొంగింది. బస్సు ఆళ్లగడ్డ దాటి రావడం లేదంట. అత్త వాకిట్లో నిలబడి మబ్బు వైపు చూస్తూ "ప్రభువా, ఏం చేద్దాం" అంటే, మామ ఈల ఊది "పడవ!" అన్నాడు.

పొద్దున్నే వాన కాస్త తెరిపియ్యంగానే బయల్దేరినాం. మామ ఇంజను చక్రం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసినాడు. ఆయన ఆమెన్ అనేలోపల తాత పడవ ముక్కుకు టెంకాయ కొట్టినాడు. (ఇద్దరూ ఒకరి దేవుడి దగ్గర ఇంకొకరు అడ్డం రాలేదు. ఆ రోజు మాకు ఎంతమంది సాయం చేసినా ఎక్కువ కాదని తర్వాత తెలిసింది.) అక్క ఎక్కడ కూర్చోవాలన్నప్పుడు మామ పెట్టె చూపించినాడు. మూత మీద రెండు బొంతలు పరిచి, చుట్టూ దిండ్లు పెట్టి, "రాణి మాదిరి కూచ్చో పో అమ్మణ్ణీ. కింద ఎచ్చగా ఉంటాది" అన్నాడు. అక్క కూర్చుంది. బొంతలు పెట్టె అంచుల మీదుగా కిందికి దిగినాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చేతులూపింది. పడవ నీళ్లకు ఎదురు కదిలింది. మామ కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

ఊరు కనుమరుగయ్యేసరికి ఇంజను గొంతు మారింది. గురక పెట్టేవాడికి ముక్కు పట్టేసినట్టు ఆగాగి కొట్టుకుంది. గొట్టంలోంచి బొగ్గు మాదిరి పొగ వచ్చింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పడవ మెల్లగా వెనక్కి, మళ్లీ మా ఊరి వైపే జారడం మొదలుపెట్టింది. తాత గడ నేలకు గుచ్చి నిలిపినాడు.

నాకు గాబరా లేదు. పైగా కొంచెం సంతోషం కూడా. చదువుకున్నోడికి పరీక్ష రావద్దా? అక్కను దించి, బొంతలు తీసి, మూత ఎత్తి పక్కన పెట్టినా. డీజిలు గొట్టంలో గాలి చేరుంటాదని మర వదులు చేసి, బుడగలు పోయేదాకా చేత్తో పంపు కొట్టి, మళ్లీ బిగించినా. హ్యాండిలు తిప్పితే టక్కున అందుకుంది. హాయిగా ఆడింది. "గాలి మామా, గాలి!" అన్నా గర్వంగా. (నేను చెప్పిన మాట ఒకరకంగా నిజమే. అదెంత నిజమో తెలియడానికి ఇంకా చాలాసేపు పట్టింది.) "శభాష్. మూత మూయ్" అన్నాడు మామ. మూసినా. బొంతలు పరిచినాం. అక్క కూర్చుంది. గట్టు పక్కన ఒక చింతతోపు దాటినామో లేదో, మళ్లీ అదే గొంతు, అదే పొగ, అదే ఆగడం.

ఈసారి డీజిలు మీద అనుమానం వచ్చింది. మూత తీసి, ఫిల్టరు విప్పి, లోపలి బట్టను డీజిల్లోనే పిండి కడిగినా. కొంచెం మడ్డి వచ్చింది. ఆ మడ్డిని అందరికీ చూపించినా, దొంగను పట్టుకున్న పోలీసు మాదిరి. హ్యాండిలు తిప్పితే మళ్లీ హాయిగా ఆడింది. "మూత మూయ్" అన్నాడు మామ. మళ్లీ కొంతదూరం పోయి ఆగింది. మూడోసారి, ఇంజనుకు నీళ్లు పీల్చే గొట్టానికి నాచు పట్టి వేడెక్కుతాందేమో అనుకుని కాలవలో దిగినా. చలికి పండ్లు కొట్టుకుంటుంటే పడవ కిందికి మునిగి, గొట్టం మొనకు చుట్టుకున్న నాచు పీకి, రెక్కల చక్రం కూడా తడిమి చూసి, పైకొచ్చినా. నిజంగానే దోసెడు నాచు దొరికింది. అసలు ఆ రోజు నేను యాడ చెయ్యి పెడితే ఆడ ఏదో ఒక తప్పు దొరికింది. అదే నా కర్మ. తప్పే దొరక్కుండా ఉంటే ఇంకోవైపు చూసేవాణ్ణేమో. ఇంజను మళ్లీ ఆడింది. "మూత మూయ్." మూసినా. ఆగింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. గట్టు మీద గొడుగేసుకుని ఒకాయన మాకు తోడుగా నడుస్తున్నాడు. మేం ఆగితే ఆయనా ఆగుతాడు, కదిలితే కదులుతాడు. ఎక్కువసార్లు ఆయనే ముందుండేవాడు. "ఏందప్పా, ఏమైతాంది?" అన్నాడు. "నూనె పోసినారా?" అన్నాడు. "పోసినాం." "నీళ్లు పోసినారా?" "పోసినాం." "దిష్టి తీసినారా?" నేను స్పానరు ఎత్తి, ఉస్తాదు గుర్తొచ్చి దించినా. నా చేతులు నావి కాకుండా పోయినాయి. హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజం కీలు దగ్గర సెగ పెట్టినట్టుంది. మోకాళ్లు చెక్కకు ఒరుసుకుని తోలు లేచింది. ఆకలి కూడా అలిసిపోయి మానుకుంది.

అప్పుడు తాత గొంతు సవరించుకున్నాడు. "నేనొక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. పొద్దుట్నుంచి సూస్తానే ఉండా. ఆ పాప పెట్టె మీద కూచ్చుంటేనే ఇంజను నిలబడతాంది. దిగితే ఆడతాంది."

"నోరు మూయ్ తాతా" అన్నాడు మామ. "నిండుమనిషిని పట్టుకుని అనే మాటేనా అది?"

అక్కకు కోపం రాలేదు, రోషం వచ్చింది. "నా బరువుకు ఇంజను ఆగుతాదా? ఈ మామ సైకిలు వెనక ఎక్కి పదేండ్లు తిరిగినా, అదేమన్నా ఆగిందా?"

"బరువని అన్లేదమ్మా. సూసింది చెప్పినా."

నేను ఓపిక తెచ్చుకుని తాతకు అర్థమయ్యేట్టు చెప్పినా: "తాతా, ఇంజనుకు కండ్లుండవు. పైన ఎవరు కూచ్చున్నారో దానికెట్ల తెలుస్తాది? ఇది యంత్రం." తాత తల ఊపి, "నీకే తెలియాల నాయనా" అని గడ పట్టుకున్నాడు. అంత పండితుడిలాగా మాట్లాడినానే గానీ నల్లపొగకు రెండో కారణం ఏమిటో నాకు తెలీదు. ఆ రెండోది చెప్పేటప్పుడు నేను చాయ్ గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటుతున్నా.

"ఇంజను మానుకోండి, సాప ఎత్తుదాం" అన్నాడు తాత. మామ విధిలేక సరే అన్నాడు. తాత మొహం వెలిగింది. అతుకుల తెరచాప పైకి లేచి, ఒక్కసారి బుస్సున పొంగింది. ఎంత అందంగా పోయిందో పడవ! కానీ వెనక్కి పోయింది. గాలి నంద్యాల వైపు నుంచి మా ఊరి వైపు కొడుతోంది మరి. తాత చాప దించేలోపల, మేం పొద్దుట్నుంచి కష్టపడి దాటిన రెండు మలుపులు తిరిగి మా ముందుకొచ్చినాయి. గొడుగాయన కూడా వెనక్కి నడిచి మా దగ్గరికొచ్చినాడు. "వాపసు పోతాండారా?" అన్నాడు.

ఆ మాటకు ఎవరో ఒకరు నవ్వాలి. అక్క ముందుగా నవ్వేది అట్లాంటివాటికి. నవ్వలేదు. చూస్తే పడవ అంచు పట్టుకుని, పెదవి కొరుక్కుని, నీళ్ల వైపు చూస్తోంది. పొద్దుట్నుంచి మమ్మల్ని ఎగతాళి చేస్తున్న మనిషి కాసేపటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. అత్త ఆమె నడుము మీద చెయ్యి వేసి చూసి, మామ వైపు తిరిగి మెల్లగా అంది: "పిల్లకు నొప్పులు మొదలైనాయి."

మామ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. తీసి జేబులో వేసుకున్నాడు. బర్మా అంతా చూసొచ్చిన మనిషి మొహం అట్లా అయిపోవడం నేనెన్నడూ చూడలేదు. గొడుగాయన అప్పటిదాకా వేసుకున్న గొడుగు ముడిచి, "మంచం తెస్తా, మోసకపోదామా?" అన్నాడు. మోయొచ్చు. గట్టు అక్కడక్కడా తెగి ఉంది, పక్కన మోకాలి లోతు రేగడి. పై లాకు ఇంకా చాలా దూరం. "తాడు కట్టి గుంజుదామంటే గట్టు సరిగా లేదు" అన్నాడు తాత. అందరూ నా వైపు చూసినారు. నేను ఇంజను వైపు చూసినా. నా జీవితంలో నన్ను నమ్మిన మొదటి మనుషులు వాళ్లు. నాకు ఏడుపొచ్చింది, కానీ దానికి కూడా ఓపిక లేదు.

విప్పకుండా మిగిలింది నాజిల్ ఒక్కటే. డీజిలు తుంపర కొట్టే ఆ ముక్కును విప్పి, మసి గీకి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ బిగించినా. వేళ్లు కోసుకుపోయినాయి. మామ నా పక్కన వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పితే అందుకుంది. మామ అలవాటు కొద్దీ "మూత మూయ్ అల్లుడా" అన్నాడు.

టేకు మూత. బరువు. పొద్దుట్నుంచి ఎత్తి దించి, ఎత్తి దించి, దాన్ని చూస్తేనే నా చేతులు చచ్చుబడినాయి. మామకు ఎదురు చెప్పిన పాపాన నేను ఎన్నడూ పోలేదు. ఆ పూట మాత్రం నోట్లోంచి వచ్చేసింది: "మూయను పో మామా. నా శాత కాదు." అని ఇంజను పక్కనే కూలబడి, వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకున్నా. అక్కను అప్పటికే అత్త పడవ ముందు భాగంలో వరిగడ్డి పరిచి, బొంతలేసి పడుకోబెట్టింది. మూత గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎంతసేపైందో తెలీదు. కునుకు పట్టినట్టుంది. తాత నా కాలు తట్టినాడు. "నాయనా, పొగ సూడు." కళ్లు తెరిచి చూస్తే గొట్టం మీద పొగ లేదు. ఉందీ లేనట్టు, బీడీ తాగేవాడి నోటి నుంచి వచ్చినంత. పడవ నీళ్లను చీల్చుకుని పోతోంది. నేను నడుము విరగ్గొట్టుకున్న మలుపులన్నీ వెనకబడినాయి. గొడుగాయన గట్టు మీద పరిగెత్తుతున్నాడు. నేను కదల్లేదు. కదిలితే ఆగిపోతుందేమో అని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నా.

అంతలో తుంపర మొదలైంది. మామ ఇంజను తడుస్తాదని, నాకు శ్రమ ఎందుకని, తానే మూత ఎత్తి మెల్లగా బోర్లించినాడు. పైన తన తలకు చుట్టుకున్న ఖాకీ గుడ్డ కూడా కప్పినాడు. కాసేపటికి ఇంజనుకు గొంతు పట్టుకుంది. నల్లపొగ లేచింది. నేను ఎగిరి లేచి మూత ఎత్తినా. గొంతు విడింది. మళ్లీ మూసినా. కాసేపటికి పట్టుకుంది. ఎత్తినా. విడింది. "రెండో కారణం!" అని అరిచినా. అందరూ నాకు పిచ్చి లేచిందనుకున్నారు. "మామా, దీనికి గాలి చాలడంలే! డీజిలు కాలాలంటే గాలి కావాల కదా! నువ్వు చీమకు కూడా సందు పెట్టకపోతివి! ఊపిరాడక చస్తాంది ఇది!" అని చెప్పి, నమ్మకం కుదరడానికి ఇంకొక్కసారి మూత మూసినా.

పడవ ముందు నుంచి అక్క కేక వినబడింది. "ఆటలాడుకుంటాండావేమిరా ఆడ? నాకు ప్రాణం పోతాంటే! తీసి కాలవలో పారెయ్ ఆ మూతను!"

నేను ఎత్తేలోపల మామే ఎత్తినాడు. తాను దగ్గర కూర్చుని చేయించుకున్న నల్లమల టేకు మూతను, ఖాకీ గుడ్డతో సహా, రెండు చేతులా ఎత్తి కాలవలోకి విసిరినాడు. అది నీళ్ల మీద చక్కగా తేలి, మేం వచ్చిన దారినే వయ్యారంగా వెనక్కి పోయింది. తర్వాత అత్త చీర చెంగూ, మామ చొక్కా, తాత కోటూ మార్చి మార్చి ఇంజను మీద గొడుగులాగా పట్టుకున్నాం. తాత ఒక్కసారి మాత్రం నా వైపు చూసి, "కండ్లు లేవంటివే" అన్నాడు.

దీపాలు పెట్టేవేళకు పై లాకు చేరినాం. ఆ రోడ్డు మీద పోతున్న బండిని గొడుగాయనే మాకంటే ముందు పరిగెత్తి ఆపి పెట్టినాడు. (ఆయన పేరేందో ఈనాటికీ తెలీదు. ఆయన లేకపోతే ఆ చీకట్లో మాకు బండి దొరికేది కాదు. మధ్యాహ్నం ఆయన మీదికి స్పానరు ఎత్తిన చెయ్యి ఇదే.) నంద్యాల ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయమ్మలు అక్కను పట్టుకుని లోపలికి తీసుకుపోయినారు. వెనకే అత్త పోయింది. మామ తలుపు దగ్గర కాపలా సిపాయిలాగా నిలబడినాడు. నేను వరండాలో ఒక బల్ల కనబడితే కాసేపు కూర్చుందామని కూర్చున్నా.

ఆ తర్వాత జరిగినవన్నీ నాకు వేరేవాళ్లు చెప్పినవే. కొంతసేపటికి ఆడపిల్ల పుట్టిందంట. పుట్టడంతోనే ఆసుపత్రి ఎగిరిపోయేట్టు ఏడ్చిందంట. మామ వరండాలోనే మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసి, లేచి, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ సెల్యూట్ కొట్టినాడంట. నన్ను లేపడానికి ఒకరి తర్వాత ఒకరు వచ్చినారంట. నర్సమ్మ నా మొహమూ చేతులూ చూసి, ఏదో ప్రమాదం కేసనుకుని నాడి కూడా చూసి పోయిందంట. మరునాడు ఎండ మొహాన పడితే లేచినా. అక్క నన్ను చూసి నీరసంగా నవ్వి, "మూత మూసినావా రా?" అంది. బిడ్డను ఇవ్వబోతే నా నల్ల చేతులు చూసుకుని వెనక్కి దాచుకున్నా. సబ్బుతో, ఇసుకతో, చింతపండుతో తోమినా ఆ మసి వదలడానికి వారం పట్టింది. అప్పటిదాకా దాన్ని దూరం నుంచే చూసినా.

ఇక మా ఊళ్లో ఇంకో కథ జరిగింది. మామ విసిరిన మూత నీళ్లతో పాటే దిగి దిగి, తెల్లారేసరికి మా ఊరి రేవులో చిక్కుకుంది. మీద ఖాకీ గుడ్డ. ఇంకేముంది? పడవ మునిగిపోయిందని ఊరు ఊరంతా గొల్లుమంది. మరుసటి రోజు మామా తాతా పడవేసుకుని, తెరచాప ఎత్తి, ఈసారి గాలి వాటంగానే దర్జాగా దిగి వస్తుంటే, గట్టు మీద జనం వాళ్ల ఆత్మశాంతి కోసం కీర్తన పాడుతున్నారంట. మామకు ఆ కీర్తన చాలా ఇష్టం. అయిపోయేదాకా పడవలో నిలబడి విని, తానూ చివరి చరణం కలిపి పాడి, అప్పుడు దిగినాడని తాత ఒట్టేసి చెప్తాడు.

ఎండాకాలం రాగానే ఇంజను మళ్లీ బావి మీదికి పోయింది. ఆ టేకు మూత అత్త జొన్నలు ఆరబోయడానికి పెట్టుకుంది. ఉస్తాదుకు జరిగిందంతా చెప్తే నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "నల్లపొగకు రెండు కారణాలని ఆ రోజే చెప్పినా కదరా" అన్నాడు. "రెండోది చెప్పేటప్పుడు నన్ను చాయ్‌కి పంపిస్తివి కదా ఉస్తాద్" అన్నా. ఆయన చేతిలో స్పానరు పక్కన పెట్టి, "చాయ్ బాగుండెనా ఆ రోజు?" అన్నాడు. అంతే. ఆ మాట మీద మళ్లీ చర్చ జరగలేదు.

తర్వాత నేనూ సొంతంగా షెడ్డు పెట్టి, ఎన్నో ఇంజన్లు విప్పి, ఎన్నో బిగించి, ఇప్పుడు ఏదీ విప్పకుండా ఇంట్లో కూర్చున్నా. ఈ వయసులో నాకు నిద్ర పట్టదు. మెత్తటి పరుపుంది, పైన ఫ్యానుంది, డాక్టరిచ్చిన మాత్రుంది. పడుకుంటే ఇంట్లో చుక్క పడిన చప్పుడుకు కూడా మెలకువొస్తుంది. అట్లాంటప్పుడు ఆ ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకున్న కుర్రాణ్ణి తలుచుకుంటా. తడిసిన పంచె, తోలు లేచిన మోకాళ్లు, మొహమంతా మసి. పక్క గదిలో వాడి కుటుంబానికంతా కొత్త లోకం పుడుతుంటే, నర్సమ్మ వచ్చి నాడి పట్టుకున్నా తెలియకుండా, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాణ్ణి లేపి, ఏమేం పోగొట్టుకుంటున్నాడో చెప్పాలనిపిస్తుంది ఒక్కోసారి. మళ్లీ మనసు రాదు. పాపం, అలిసిపోయినాడు, పడుకోనీలే అనుకుని ఊరుకుంటా.